ఏడవ నిజాము, ఆయన నగర వీథులు

దక్కను చరిత్రను పాఠ్యగ్రంథాలలో చదివిన విద్యార్థులకు ఏడవ నిజాము నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు కొత్తది కాదు. ఆయన ఐశ్వర్యాన్ని గురించీ, పొదుపును గురించీ, ఆయన ప్రభుత్వం అంతరించిన తీరును గురించీ కథలు కోకొల్లలుగా ప్రచారంలో ఉన్నాయి. ఆ కథలన్నింటినీ తిరిగి చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆయన పాలనాకాలంలో హైదరాబాదు నడిబొడ్డున ఏర్పడిన వీథులను ఆధారంగా చేసుకొని ఆ జీవితాన్ని పాఠకుల ముందుంచాలని సంకల్పించాము. వాహనం లేనివాడు రైలు దిగి, ఎండకు తల కాలకుండా, ఎవరినీ తప్పుకొమ్మని బతిమాలకుండా, అంగళ్లు చూసుకుంటూ నడిచిపోగల వీథి ఒక నగరానికి ఎంతటి భాగ్యమో అనుభవించినవారికే తెలుస్తుంది. అటువంటి వీథులు కొన్ని ఆయన కాలంలో ఏర్పడ్డాయి. వాటి వెల ఎవరు చెల్లించారన్నది రెండవ ప్రశ్న. చిల్పూరు ప్రాంతపు వారమైన మేము ఆ రెండవ ప్రశ్నను విడిచిపెట్టలేము.

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6వ తేదీన హైదరాబాదులోని పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్, తల్లి అమతుజ్జహ్రా బేగం. ఆ సంవత్సరమే సికిందరాబాదు నుండి తూర్పుగా వేసిన రైలుమార్గం వరంగల్లు వరకు వచ్చింది. అంతకు పూర్వం 1874లో వాడి నుండి సికిందరాబాదుకు మొదటి రైలు నడిచింది. 1889 నాటికి ఈ తూర్పు మార్గం బెజవాడను చేరుకొన్నది. మన ఘనపూరును నేటికీ స్టేషన్ ఘనపూర్ అని పిలుస్తున్నామంటే ఆ పేరు రైలు పెట్టినదే. చిల్పూరు గుట్ట మీద బుగులు వేంకటేశ్వరస్వామిని సేవించుకొని వెనుదిరిగే యాత్రికునికైనా, వడ్లమ్మి వస్తువులు కొనవచ్చిన రైతుకైనా, నగరానికి పోయే దారి ఆ ఇనుపపట్టాలే. సుమారు నూరు కిలోమీటర్ల ఆ దారికి ఒక చివర రాజు పుట్టి పెరిగిన నగరం, మరొక చివర మన పల్లెలు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఆయన చరిత్రలో సగమే తెలుస్తుంది.

రాజకుమారుని విద్యాభ్యాసం పండితుల పర్యవేక్షణలో సాగింది. ఇమాదుల్ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ వంటి విద్వాంసుడు ఆయనకు గురువు. ఆంగ్లం నేర్పడానికి ఎజర్టన్ అనే దొరను నియమించారు. ఉర్దూ, పారసీ భాషలలో ఆయన కవిత్వం చెప్పేవారు, ఉస్మాన్ అన్నదే తఖల్లుసు. బాల్యంలోనే కింగ్‌కోఠీ భవనానికి తరలివచ్చి జీవితాంతం అక్కడే నివసించారు. ఆ భవనాన్ని కట్టించిన కమాల్ ఖాన్ తన పేరులోని తొలి అక్షరాలను తలుపుల మీద చెక్కించగా, అవి చెరిపివేయడం ఇష్టంలేక వాటికి అతికేటట్లు కింగ్‌కోఠీ అని పేరు పెట్టారని నగరంలో ఒక ముచ్చట చెప్పుకొంటారు. ఆ ముచ్చట ఎంతవరకు నిజమో కాని, ఏదీ పారవేయని ఆయన స్వభావానికి అది చక్కగా సరిపోతుంది.

ఆయనకు ఇరవైరెండేళ్ల వయస్సులో, 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీనది ఉప్పొంగింది. ఒక్కరోజులో నది రెండు గట్లమీది పేటలు కొట్టుకొనిపోయాయి. మృతుల సంఖ్య సుమారు 15 వేలని సాధారణంగా చెబుతారు, అంతకంటె ఎక్కువని వ్రాసినవారూ ఉన్నారు. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టునెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయుల కొరకు తన మహళ్ల ద్వారాలు తెరిపించారు. మరుసటి సంవత్సరం మైసూరు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి, వరద నివారణకు, నగర పునర్నిర్మాణానికి సలహా కోరారు. నదికి ఎగువన జలాశయాలు కట్టాలని, నగరానికి భూగర్భ మురుగుకాలువలు వేయాలని, గట్లను చక్కదిద్ది ఉద్యానవనాలుగా తీర్చాలని విశ్వేశ్వరయ్య సూచించారు. ఆ పనులు చేయించే భారం మాత్రం కుమారుని మీద పడింది. 1911 ఆగస్టు 29వ తేదీన తండ్రి మరణించడంతో ఇరవై అయిదేళ్ల ఉస్మాన్ అలీఖాన్ సింహాసనం అధిష్టించారు. అదే సంవత్సరం నగరంలో ప్లేగు విజృంభించింది. గాలి, వెలుతురు చొరని ఇరుకు సందులే ఆ మహమ్మారికి పుట్టిళ్లని వైద్యులు తేల్చారు.

కొత్త నిజాము ఎదుట ఉన్న నగరం ఆదిలో అట్టిది కాదు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారును నిలిపి, నాలుగు దిక్కులకు నాలుగు విశాలమైన దారులు సాగించినప్పుడు, ఆ దారుల మీద చార్‌కమాన్, నడుమ నీటితొట్టి, ఇరువైపులా అంగళ్ల వరుసలు ఏర్పరిచారు. ఆ రూపకల్పనలో మీర్ మోమిన్ అస్త్రాబాదీ పాత్ర పెద్దది. అంటే నడిచేవానికి నీరు, నీడ, కనువిందు కావాలన్న ఎరుక ఈ నగరానికి పుట్టుకతోనే ఉంది. మూడు శతాబ్దాలలో ఆ ఎరుక ఇళ్లమీద ఇళ్ల కింద పూడుకొనిపోయింది. ఉస్మాన్ అలీఖాన్ కాలంలో జరిగినది ఒక విధంగా ఆ పూడిక తీతే.

1912లో నగరాభివృద్ధి మండలిని స్థాపించారు. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అని పత్రాలలో కనబడేది ఇదే. తరువాతి కాలంలో నిజాము ద్వితీయ కుమారుడు మొఅజ్జం జా దానికి అధ్యక్షుడయ్యారు. రోగగ్రస్తమైన పేటలను తొలగించడం, దారులు వెడల్పు చేయడం, మురుగుకాలువలు వేయడం, తక్కువ రాబడి గలవారికి ఇళ్లు కట్టించడం దాని విధులు. మల్లేపల్లి, ముఘల్‌పురా వంటి చోట్ల ఆ మండలి కట్టించిన ఇళ్ల వరుసలు ఒకనాటి ఆలోచనకు సాక్ష్యాలు. పాత ఇల్లు కూలిన ప్రతి కుటుంబానికీ అక్కడే కొత్త ఇల్లు దొరికిందని మాత్రం అనుకోరాదు. వెడల్పు చేసిన ప్రతి దారి కింద ఎవరివో పొయ్యిరాళ్లు ఉంటాయి. నగరాల చరిత్ర వ్రాసేవారు ఈ మాటను తరచుగా దాటవేస్తారు.

మండలి పనులన్నింటిలో మాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది పత్థర్‌గట్టి. అఫ్జల్‌గంజ్ వంతెన దాటి చార్మినారు వైపు పోయేవానికి చార్‌కమాన్ రాకముందే ఆ వీథి ఎదురవుతుంది. పేరులోనే రాయి ఉన్నది. దారికి రెండు ప్రక్కలా గ్రానైటురాతి కట్టడాలు, ఒకే ఎత్తున, ఒకే వరుసన సాగిపోతాయి. నేల అంతస్తులో వరుసగా కమానులు, కమానుల వెనుక నడవా, నడవా లోపల దుకాణాలు, పైన నివాసాలు. ముత్యాలవారు, బట్టలవారు, అత్తరువారు తమ తమ సరుకులు పరిచి కూర్చుంటారు. కొనదలచినవాడు కమాను కింద నిలబడి బేరమాడవచ్చు. కొనలేనివాడు కూడా అదే కమాను కింద నడిచిపోవచ్చు. మేనెల ఎండలోనూ, శ్రావణమాసపు జల్లులోనూ ఆ నడవా బాటసారికి గొడుగు.

ఇందులో గల కిటుకును కొంచెం వివరించాలి. సాధారణమైన బజారులో ప్రతి దుకాణదారుడూ తన ముందర తన పందిరి వేసుకొంటాడు. ఒకని పందిరి ఎత్తు, మరొకనిది పొట్టి. ఒకని అరుగు ముందుకు వస్తే మరొకనిది వెనుకకు పోతుంది. నడిచేవాడు అడుగడుక్కూ దిగుతూ, ఎక్కుతూ, చివరకు విసిగి బండ్ల నడుమకు పోతాడు. పత్థర్‌గట్టిలో నీడ అన్నది దుకాణదారుని దయాధర్మం కాక కట్టడంలోనే భాగమైంది. నడవా మీది కప్పు పై ఇంటివాని గదికి నేల. ఒకనికి గది, మరొకనికి నీడ. పైన కాపురాలు ఉన్నందున రాత్రి దుకాణాలు మూసిన తరువాత కూడా వీథి పాడుపడినట్లు ఉండదు, కిటికీలలో దీపాలుంటాయి, కింద ఏమైనా అలికిడి అయితే తొంగిచూసేవారుంటారు. ఇటలీలోని బొలోన్యా నగరం ఇటువంటి నడవాలకు ప్రసిద్ధి. మన పత్థర్‌గట్టి దానికి అనుకరణ అని చెప్పడానికి ఆధారం లేదు. మన ఎండే మనకు ఆ పాఠం చెప్పి ఉండవచ్చు.

నగరానికి వచ్చే మనిషిని గురించిన ఆలోచన రైల్వేస్టేషన్లలోనూ కనబడుతుంది. నాంపల్లి స్టేషను తండ్రిగారి కాలంలో, 1907లో కట్టినది. కాచిగూడ స్టేషను 1916లో వచ్చింది. దానికి విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి రూపకల్పన చేశారు. నడుమ పెద్ద గుమ్మటం, ప్రక్కల చిన్న గుమ్మటాలు, మీనారులతో అది దూరానికి ఒక మహల్ వలె కనబడుతుంది. పరదా పాటించే స్త్రీలు ఇతరుల కంటబడకుండా రైలెక్కడానికి అందులో ప్రత్యేకమైన ఏర్పాటు చేశారు. రైలు దిగినవాడు తాను ఒక రాజధానిలో కాలు మోపుతున్నానని గుర్తించాలన్నదే ఆ కట్టడాల అభిప్రాయం.

ఎష్ దొర చేతిమీదుగానే హైకోర్టు, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. హైకోర్టుకు తొలి నమూనా జయపూరు శిల్పి శంకర్‌లాల్‌ది, కట్టించిన ఇంజనీరు మెహర్ అలీ ఫజల్. 1920లో ఆ భవనం ప్రారంభమైంది. ఒకప్పుడు శవాలు తేలిన మూసీకి ఈ గట్టున న్యాయస్థానం, ఆ గట్టున వైద్యశాల ఎదురెదురుగా నిలిచాయి. ఒక్కొక్క భవనాన్ని విడిగా మెచ్చుకొనే అలవాటు మనకుంది. వాటి నడుమ విడిచిన చోటును, నది మీదుగా ఒకదాని నుండి మరొకటి కనబడే విధాన్ని కూడా మెచ్చుకోవాలి. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయిన తరువాత నదికి పూర్వపు ఉద్ధృతి తగ్గి, నగరం తన గట్ల మీద నిర్భయంగా కూర్చోగలిగింది. 1936లో అఫ్జల్‌గంజ్ చెంత నదిఒడ్డునే ఆసఫియా గ్రంథాలయం నూతన భవనం వెలసింది.

ఈ నిర్మాణాలకు రేఖలు గీసినవాడు నిజాము కాడు. ఆయన ఇంజనీరు కాడు, శిల్పి కాడు. సమర్థులను ఎన్నుకోవడం, వారడిగిన ద్రవ్యం మంజూరు చేయడం, ఫర్మానా జారీచేసిన తరువాత పని నిలిచిపోకుండా చూడడం ఆయన వంతు. 1914 నుండి 1919 వరకు ప్రధానమంత్రి లేకుండా స్వయంగానే పాలించిన మనిషి కనుక కాగితాలన్నీ ఆయన కంటబడేవి. రాళ్లు కొట్టి, చెక్కి, మోసినవారి పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

1930లో ప్రభుత్వం రైల్వేను ఆంగ్ల కంపెనీ నుండి కొనివేసింది. నిజాం స్టేట్ రైల్వే అన్న పేరు అప్పటిది. రెండేళ్లకే, 1932 జూన్‌లో, ఆ రైల్వేశాఖకు అనుబంధంగా రోడ్డు రవాణాశాఖ ఏర్పడింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు దాని తొలి బలగం. రైలునూ బస్సునూ ఒకే శాఖ నడిపితే రైలు దిగినవానికి బస్సు సిద్ధంగా ఉంటుందన్న సులభమైన సూత్రం నేటి మహానగరాలు తిరిగి కనిపెట్టవలసి వచ్చింది. తరువాతి కాలంలో ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనబడే జెడ్ అక్షరం నిజాము తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని పెద్దలు చెబుతారు. ప్రయాణికులలో ఎందరికి ఆ సంగతి తెలుసునో!

1933లో బ్రిటిషు రెసిడెన్సీ అధీనంలో ఉన్న రెసిడెన్సీ బజారు నిజాము పాలనలోకి తిరిగివచ్చి సుల్తాన్‌బజారు అయింది. తెలుగువారికి ఈ పేట ఆత్మీయమైనది. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అక్కడిదే. నిజాము రాజ్యంలో తెలుగు పుస్తకానికి ఒక చిరునామా ఉన్నదంటే అది ఆ బజారు వీథిలో ఉండేది. పుస్తకం కొరకు వచ్చినవాడు చీరలు కొనుక్కొనిపోవడం, చీరలకని వచ్చినవాడు పత్రిక చదువుకొనిపోవడం అటువంటి వీథులలోనే సాధ్యం.

1935లో మొఅజ్జం జాహీ మార్కెట్ ప్రారంభమైంది. పలు దారులు కలిసే కూడలిలో, విప్పిన విసనకర్ర ఆకారంలో, రాతితో కట్టిన ఆ అంగడికి ముఖాన గడియారపు గోపురం ఉన్నది. కూరగాయలు, పండ్లు, తమలపాకులు, మాంసం విడివిడి వరుసలలో అమ్మే ఏర్పాటు. ఏ దారిన వచ్చినవానికైనా దూరం నుండే గోపురం కనబడి, తాను ఎక్కడున్నదీ బోధపడుతుంది. దారి అడగనక్కరలేని నగరం కొత్తగా వచ్చిన పల్లెటూరివానికి ఎంత ధైర్యమిస్తుందో మా వంటివారికి తెలుసు. శిథిలావస్థకు చేరిన ఆ కట్టడాన్ని మరమ్మతు చేసి 2020లో తిరిగి తెరిచారు. పత్థర్‌గట్టికి ఆ అదృష్టం పూర్తిగా పట్టలేదు. కమానులను బోర్డులు, తీగలు కప్పివేశాయి. నడవాలలోకి సరుకు వచ్చి కూర్చోగా మనుషులు రోడ్డు మీదికి దిగారు.

ఇక్కడ కొంచెం ఆగి నేటి సంగతి ముచ్చటించడం అవసరం. 2017 నవంబరు 28వ తేదీన హైదరాబాదులో మెట్రోరైలు మొదలైంది. 2020 ఫిబ్రవరి 7వ తేదీన జూబ్లీ బస్‌స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు గల మార్గం తెరవడంతో రైలు సుల్తాన్‌బజారు వీథి మీదుగా నడిచింది. అంతకు ముందు ఆ బజారు వర్తకులు తమ దుకాణాలకు, తమ పురాతనమైన వీథికి చేటు కలుగుతుందని చాలాకాలం ఆందోళన చేశారు. స్తంభాల మీద వంతెన కట్టి రైలును పైకెత్తితే బండ్ల రాకపోకలకు అడ్డు ఉండదు, నిజమే. కాని వంతెన కింద ఆకాశం తగ్గుతుంది, స్తంభాల వద్ద నేల తగ్గుతుంది. ఫ్రాన్సు దేశంలోని స్ట్రాస్‌బుర్గ్ నగరం 1994లో మరొక పద్ధతిని ఎన్నుకొన్నది. అక్కడ తేలికపాటి రైలును వీథిలోనే, నేలమీదనే, నడిపించి మోటారు కార్లను నడిబొడ్డు నుండి ప్రక్కకు మళ్లించారు. పట్టాల ప్రక్కనే చెట్లు, విశాలమైన కాలిబాటలు వచ్చాయి. మూడు నాలుగు వీథుల కొకచోట ఆగే బండి నుండి దిగినవాడు వెంటనే అంగళ్ల నడుమ నిలుస్తాడు. మద్రాసు నగరంలోనూ 1895 నుండి 1953 వరకు ట్రాములు వీథులలోనే నడిచినవి కదా. ఏ పద్ధతి ఎన్నుకొన్నా రైలు సగం పనే చేస్తుంది. స్టేషను మెట్లు దిగిన తరువాత ఉండే రెండు మూడు వందల గజాల నడక బాగుంటేనే ఆ రైలు జనానిది అవుతుంది. గాంధీభవన్ స్టేషనులో దిగి మొఅజ్జం జాహీ మార్కెట్టుకు నడిచేవారు ఈ మాట ఒప్పుకొంటారు.

2024 మార్చి 8వ తేదీన పాతనగరం మెట్రోమార్గానికి ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, శాలిబండ ప్రాంతాల మీదుగా పోవలసిన ఆ మార్గం కొరకు ఇళ్లూ అంగళ్లూ కొన్ని తొలగించవలసి వచ్చింది. నూరేళ్ల కిందట నగరాభివృద్ధి మండలి ఎదుర్కొన్న చిక్కు మళ్లీ వచ్చిందన్నమాట. వెడల్పు అయిన దారిలో హెచ్చుభాగం మోటార్లకు పోవలెనా, నడిచేవారికి దక్కవలెనా? తొలగించిన ముఖద్వారాల స్థానంలో ఎవరికి తోచినట్లు వారు కట్టుకోవలెనా, లేక పత్థర్‌గట్టి వలె ఒక వరుస, ఒక నడవా ఉండవలెనా? పాతనగరానికి రైలు కావాలన్నది మా దృఢమైన అభిప్రాయం. దానితోపాటు నీడ కూడా రావాలి. అంగడి పోగొట్టుకొన్న చిన్న దుకాణదారునికి ఆ నీడలోనే తిరిగి చోటు దొరకాలి.

విద్యారంగంలో ఉస్మాన్ అలీఖాన్ చేసిన కృషి విద్యార్థులకు తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాము. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంగా వెలసింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించిన కీర్తి దానిది. తెలుగుశాఖకు రాయప్రోలు సుబ్బారావు వంటి కవి ఆచార్యులయ్యారు. బెల్జియం శిల్పి ఎర్నెస్ట్ యాస్పర్ రూపొందించిన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. అయితే రాజ్యంలో అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగు. పల్లెలో తెలుగు బడి లేని పిల్లవానికి ఆ రాతిభవనం ఎంత దూరమో లెక్కకట్టవలసినదే.

ఇప్పుడు రైలుమార్గానికి రెండవ చివరకు వద్దాము. నాటి రాజ్యంలో సుమారు నూటికి అరవై వంతుల భూమి ప్రభుత్వపు దివానీ అధీనంలోను, ముప్ఫై వంతులు జాగీర్దారుల చేతులలోను, పదివంతులు నిజాము స్వంత ఖర్చుల నిమిత్తం గల సర్ఫెఖాస్‌లోను ఉండేది. దివానీ గ్రామాలలోనూ దేశముఖులదే పెత్తనం. అప్పుడు నల్గొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు కింద సుమారు 40 వేల ఎకరాలు ఉండేవని చరిత్రకారులు వ్రాశారు. వెట్టి అనే మాటకు మన పెద్దలు వేరే అర్థవివరణ కోరరు. గీతకార్మికుడు కల్లు, గొల్ల గొర్రెను, కుమ్మరి కుండలు, నేతగాడు బట్ట, అందరూ కాయకష్టం, అంతా ఊరకే ఇవ్వాలి. అధికారి ఊరికి వస్తే బండి కట్టాలి, మూట మోయాలి, ఆ బండి ముందు పరుగెత్తాలి. కాచిగూడలో గుమ్మటాల నీడన రైలెక్కిన అధికారి మన స్టేషన్లలో దిగి, మన వారి నెత్తిన సామాను పెట్టి, మన వారి నాగళ్లు విడిపించి బండ్లు కట్టించుకొని పోయేవాడు. నగరంలో సామాన్యునికి నడిచేందుకు నడవా కట్టిన ప్రభుత్వమే పల్లెలో సామాన్యుని బండి ముందు పరుగెత్తించింది. ఖజానాకు చేరే శిస్తులో ఆ పల్లెల చెమటా ఉన్నది. ఆ ఖజానా నుండే పత్థర్‌గట్టికి రాయి వచ్చింది.

ఇది రాజుకు తెలియదని కొందరంటారు. కాగితాలన్నీ స్వయంగా చూసిన రాజుకు ఇది తెలియదనడం ఆయన సామర్థ్యాన్ని తక్కువ చేయడమే. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దేశముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేను, తన పంట తనవేనని నిలబడింది. రైతాంగ సాయుధపోరాటం చెలరేగింది. 1947లో దేశం స్వతంత్రమైనప్పుడు నిజాము భారత యూనియనులో చేరక స్వతంత్రంగా ఉండదలచారు. రజాకార్ల ఆగడాలకు అడ్డులేకపోయింది. 1948 ఆగస్టు 27వ తేదీన బైరాన్‌పల్లిలో పెక్కుమంది గ్రామస్థులు హతులైనారు. సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన సైనికచర్యతో ఆయన లొంగిపోయారు. ఆ తరువాతి వారాలలో, ముఖ్యంగా మరాఠీ జిల్లాలలో, ఏ పాపమూ ఎరుగని ముస్లిములు వేలసంఖ్యలో ప్రాణాలు కోల్పోయినట్లు సుందర్‌లాల్ సంఘం నివేదించింది. ఏ పక్షాన చనిపోయినవారైనా అధికులు బీదవారే.

1949లో జాగీర్దారీ విధానం రద్దయింది, సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వంలో కలిసినవి. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు ఉస్మాన్ అలీఖాన్ రాజప్రముఖ్ పదవిలో ఉండి, ఆంధ్రప్రదేశ్ అవతరణతో విశ్రాంతి పొందారు. ఒకప్పుడు, 1937లో, ఒక అమెరికా వారపత్రిక ఆయన చిత్రాన్ని ముఖపత్రం మీద వేసి లోకంలోకెల్లా ధనవంతుడని చాటింది. అటువంటి మనిషి పాత టోపీ, అతుకుల షేర్వాణీతో కాలం గడిపారని, చార్మినార్ సిగరెట్లు కాల్చేవారని, 184 కారట్లకు మించిన జేకబ్ వజ్రాన్ని కాగితాలెగరకుండా బరువుగా వాడుకొన్నారని చెప్పుకొంటారు. లోభి అన్నవారున్నారు, నిరాడంబరుడు అన్నవారున్నారు. రాతివీథులకు, ఆసుపత్రులకు లెక్కచూడక వ్యయం చేసి తన బట్టలకు కూడబెట్టిన మనిషిని ఒక్క మాటలో ఇరికించడం మా వల్ల కాలేదు.

1967 ఫిబ్రవరి 24వ తేదీన కింగ్‌కోఠీలో ఆయన కన్నుమూశారు. రాజ్యం పోయి పద్దెనిమిదేళ్లు గడిచినా, అంతిమయాత్రకు లక్షలాది ప్రజలు, హిందువులూ ముస్లిములూ, వీథులలో బారులు తీరారు. తండ్రితో సహా ఆయన పూర్వులైన నిజాములలో పెక్కుమంది చార్మినారు చెంత మక్కా మసీదు ప్రాంగణంలో విశ్రమిస్తున్నారు. ఉస్మాన్ అలీఖాన్ మాత్రం పసితనంలోనే మరణించిన తన కుమారుడు జవాద్ జ్ఞాపకార్థం 1936లో కట్టించిన జూదీ మసీదులో, తల్లి సమాధి ప్రక్కన ఖననమైనారు. అది కింగ్‌కోఠీకి ఎదురుగానే, వీథి దాటితే చాలు.